నత్తి ఉన్న పిల్లల్ని ఎవరైనా వెక్కిరిస్తే: ఇంట్లో చేయించే సాధన

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర ఒక లంక ఊరు. మా అబ్బాయికి పదకొండేళ్లు. నాలుగో ఏట నుంచి నత్తి ఉంది.

ముందు ఒక సంగతి చెప్తాను. ఆదివారం పూట రేవు దగ్గర టిఫిన్ బండికి వాణ్ని పంపేదాన్ని. వాడికి పెసరట్టంటే ప్రాణం. అయినా ఎప్పుడూ ఇడ్లీ పొట్లమే తెచ్చేవాడు. అదేంట్రా అంటే, "ఇడ్లీయే బాగుంటుందమ్మా" అనేవాడు. నాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది. వాడికి 'ప' దగ్గర మాట ఆగిపోతుంది. ఒకసారి బండి దగ్గర "ప... ప... ప..." అంటూ నిలబడిపోతే, పక్కనున్న కుర్రాళ్లు అదే కూత అందుకున్నారట. ఆ రోజు నుంచి పెసరట్టు అడగడం మానేశాడు.

నత్తి ఉన్న పిల్లలు చాలామంది ఇలా కష్టమైన మాటను దాటేసి ఇంకో మాట అంటారు. మనకేమో బాగానే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకే పిల్లవాడు ఉన్నట్టుండి ముభావంగా మారినా, బడికి వెళ్లే వేళకు కడుపునొప్పి అన్నా, ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

నత్తి ఎక్కువగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. చాలామందికి పెరిగేకొద్దీ పోతుంది, కొందరికి ఉండిపోతుంది. తరచూ ఒకే కుటుంబంలో కనిపిస్తుంది. టెన్షన్ పడితే ఎక్కువవుతుంది గానీ, భయం వల్లో మీ పెంపకం వల్లో పుట్టేది కాదు. మా అత్తయ్యగారు వసకొమ్ము అరగదీసి నాకించమన్నారు. ఇంకొకరు నోట్లో గులకరాళ్లు పెట్టి చదివించమన్నారు. ప్రేమకొద్దీ చెప్పినవే, కానీ వాటితో నత్తి పోదు. రాయి గొంతులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇక సాధన. వెక్కిరింతకు జవాబు పిల్లవాడి దగ్గర ముందే సిద్ధంగా ఉండాలి. అప్పటికప్పుడు వెతుక్కోమంటే పెద్దవాళ్లకే నోట మాట రాదు. ఒక చిన్న వాక్యం చాలు. మావాడు తయారు చేసుకున్నది ఇది: "అవును, నాకు నత్తి ఉంది. ఆగు, చెప్తాను." దాచుకున్నదాన్ని బయటపెట్టి నవ్వడంలోనే ఎదుటివాడికి సరదా. వీడే చెప్పేస్తే వాడికి బయటపెట్టడానికి ఏమీ మిగలదు. తిట్టుకు తిట్టు మాత్రం నేర్పకండి, అది కొట్లాటలోకి దిగుతుంది.

రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, ఐదు నిమిషాలు నాటకంలా ఆడాం. నేను వెక్కిరించాలి, వాడు జవాబు చెప్పాలి. "ఏరా నత్తోడా" అనే మాట కన్నకొడుకుని అనబోతే నా గొంతు పట్టేసింది. అప్పుడు వంతులు మార్చాం. వాడు వెక్కిరించాడు, నేను కావాలనే నత్తితో "అ... అ... అవును" అని చెప్పాను. వాడు పడీ పడీ నవ్వాడు. ఆ తర్వాత వాడి వంతు తేలికైంది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తాను. ఆ వాక్యాన్ని నత్తి లేకుండా చెప్పాలని పట్టుబట్టకండి. ఎక్కడ ఆగినా సరే, తల ఎత్తి, ఎదుటివాడి మొహంలోకి చూస్తూ చివరిదాకా చెప్పి, అక్కడి నుంచి వెళ్లిపోవాలి. మావాడు బడిలో ఇప్పటికి రెండుసార్లు చెప్పాడు. పెసరట్టు మాత్రం ఇంకా తేలేదు. తొందరేం లేదు.

ఇంట్లో వాడి మాటను మీరు అందుకుని పూర్తి చేయకండి. "నెమ్మదిగా చెప్పు, ఊపిరి తీసుకో" అనీ అనకండి. ఊరికే వినండి. నేను చేసిన ఇంకో తప్పు: "ఈరోజు నత్తి లేకుండా ఎంత బాగా మాట్లాడావో!" అని మెచ్చుకునేదాన్ని. అంటే మిగతా రోజుల్లో బాగా మాట్లాడలేదనేగా వాడికి వినిపించేది! ఇప్పుడు వాడు చెప్పిన విషయాన్ని మెచ్చుకుంటున్నాను. ఆడ పీతేదో, మగ పీతేదో వాడే నాకు నేర్పాడు: పొట్ట కింద రేకు వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది. ఇంటికి చుట్టాలొస్తే ఆ సంగతి వాణ్నే చెప్పమంటాను. ఎంతసేపు పట్టినా అందరం వింటాం.

బడిలో మాస్టారితో మాట్లాడే ముందు పిల్లవాణ్ని అడిగి, సరే అంటేనే మాట్లాడండి. హాజరు పిలిచేటప్పుడు మాట పెగలకపోతే ఇంకో మాటతో తప్పించుకునే వీలుండదు. చెయ్యెత్తితే చాలని మాస్టారిని అడగండి. ఇంకొకరితో గొంతు కలిపి చదివినా, పద్యం పాడినా నత్తి చాలావరకు రాదు. పాఠం చదివించేటప్పుడు ఇద్దరిద్దరి చేత చదివించమనండి. ఇక కొట్టడం, రోజూ వెంటపడి ఏడిపించడం లాంటివి ఉంటే, అది పిల్లవాడు ఒక్క వాక్యంతో తేల్చుకునే పని కాదు. వెంటనే హెడ్‌మాస్టారిని కలవండి. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

నత్తి మొదలై ఆరు నెలలు దాటినా తగ్గకపోతే స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద పెట్టిన డీఈఐసీ కేంద్రాల్లో (పిల్లల ఇబ్బందుల్ని తొందరగా గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రాలు) 18 ఏళ్ల లోపు పిల్లల్ని ఉచితంగా చూస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఇప్పుడు వీడియో ఆపి, పిల్లవాణ్ని పక్కకు పిలవండి. వాడి వాక్యం ఏమిటో వాణ్నే చెప్పనివ్వండి.