సెల్లార్‌లో గది కట్టే ముందు నీళ్ల సంగతి

హోస్ట్: నమస్తే. ఈ రోజు మనతో హన్మకొండ అన్న ఒకరున్నారు. ఇంటి కింద సెల్లార్‌ని చాలావరకు సొంతంగా బాగుచేసుకుని, పిల్లలు చదువుకునే గదిగా మార్చుకున్నారు. అన్నా, టైల్స్ నుంచి మొదలుపెడదామా?

అతిథి: టైల్స్ ఆఖరి పని చెల్లె. ముందు ఒక వానాకాలం మొత్తం ఏ పనీ పెట్టుకోకుండా చూడాలి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో ఎండాకాలంలో అసలు తెలియదు. చూసేది వానలో, పని చేసేది ఎండలో.

హోస్ట్: మన దగ్గర వాన అంటే మామూలుగా ఉండదు.

అతిథి: 2023 జూలై చూశాం గదా. భద్రకాళి చెరువు కట్ట తెగింది, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగినయి. అంత వరదకు ఏ పూతా ఆగదు. లోతట్టు కాలనీ అయితే సెల్లార్‌లో గది ఆలోచనే వద్దంటాను.

హోస్ట్: మామూలు వానకు?

అతిథి: చాలా ఇళ్లల్లో దోషం బయట ఉంటుంది. డాబా మీది వాన నీళ్ల పైపు తెచ్చి సరిగ్గా గోడ మొదట్లో వదులుతారు. ఆ నీళ్లన్నీ పునాది పక్కనే ఇంకి, లోపల గోడకు చెమ్మ ఎక్కుతది. ఆ పైపును మోరీ దాకా పొడిగించి, గోడ చుట్టూ నేలను బయటికి వాలుగా చేస్తే సగం తలనొప్పి పోతుంది. ఇంకోటి, పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తారు. రోడ్డు పెరుగుతది, మన ఇల్లు అక్కడే ఉంటది. అందుకే ర్యాంప్ మొదట్లో గట్టు లేపాలి, దాని వెనుక జాలీ పెట్టిన కాలువ ఉండాలి.

హోస్ట్: అయినా చెమ్మ ఉంటే?

అతిథి: గోడకు పాలిథిన్ షీట్ పెట్టి నాలుగు వైపులా టేపు వేసి, రెండు రోజులు వదిలేయండి. షీట్ వెనుక తడి ఉంటే గోడలోంచి వస్తున్నట్టు. ముందు వైపు ఉంటే అది గదిలోని గాలి తేమ, దానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. గోడకు తెల్లగా ఉప్పు పూసిందంటే మాత్రం పుట్టీ పెట్టొద్దు, పొరలు పొరలుగా రాలుతది. పాత ప్లాస్టర్ కొట్టేసి, గోడ తడిపి, సిమెంట్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా వేయాలి. లోపలి నుంచి వేసేదాన్ని నీళ్లు వెనుక నుంచి తోస్తుంటాయి, అందుకే బయటి పని ముందు.

హోస్ట్: నేల, ఫర్నిచర్?

అతిథి: తాండూరు బండలు, ఇనుప ర్యాకులు. ప్లైవుడ్ వద్దు.

హోస్ట్: మనం ముట్టుకోకూడని పనులు?

అతిథి: పిల్లర్లు, బీములు. పైపు కోసమని చిన్న గాడి కూడా కొట్టొద్దు. వైరింగ్ ఎలక్ట్రీషియన్‌దే. స్విచ్ బోర్డులు ఎత్తులో పెట్టించి, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్ వేయించాలి. అపార్ట్‌మెంట్ వాళ్లయితే మొత్తం పనే వద్దు, ఆ సెల్లార్ పార్కింగ్‌ది.

హోస్ట్: సెల్లార్‌లో చేరిన నీళ్లు తోడటానికి గుంత తీసి మోటారు పెట్టినా, పెద్ద వానకు కరెంటే పోతది గదా?

అతిథి: అదే టెన్షన్. ఇన్వర్టర్‌కు కలుపుకోవచ్చు గానీ, స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇన్వర్టర్ మోస్తుందో లేదో ముందే చూపించుకోవాలి. జనరేటర్ అయితే బయటనే, కిటికీలకు దూరంగా. సెల్లార్‌లో నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసన కూడా ఉండదు.