వినేది ఎవరు? ప్రపంచంలో ఇంగ్లీషు, మన నోట్లో ఇంగ్లీషు

సభకు నమస్కారం.

ఇంగ్లీషు మాట్లాడటం గురించి మన దగ్గర జరిగే చర్చంతా ఎవరిలా మాట్లాడాలన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అమెరికావాళ్లలాగానా, లండన్‌వాళ్లలాగానా? ఈ సాయంత్రం ఆ ప్రశ్నను పక్కన పెడదాం. మన మాట వినేది ఎవరు? ముందు తేల్చుకోవాల్సింది ఇది. వినేవాళ్లను బట్టే మనం ఏది దిద్దుకోవాలో, ఏది వదిలేయవచ్చో తెలుస్తుంది.

ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాళ్లు ప్రపంచంలో ఇంచుమించు 40 కోట్ల మంది. ఎంతో కొంత వాడేవాళ్లందరినీ కలిపితే 150 కోట్ల దాకా ఉంటారని అంచనా. అంటే నలుగురిలో ముగ్గురికి అది నేర్చుకున్న భాషే. హైదరాబాద్ ఇంజనీరు సియోల్‌లోని కంపెనీతో మాట్లాడినా, దుబాయ్‌లో మన డ్రైవరు ఫిలిప్పీన్స్ నర్సుతో మాట్లాడినా అక్కడ ఇంగ్లీషు ఎవరింటి భాషా కాదు. శ్రీనగర్‌లో పుట్టి అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన భాషావేత్త బ్రజ్ కచ్రూ 1985లో దీన్ని మూడు వలయాలుగా చూపించారు. లోపలి వలయంలో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వంటివి. రెండో వలయంలో ఇండియా, నైజీరియా, సింగపూర్ లాంటి దేశాలు. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయినా వీటి కోర్టుల్లో, ఆఫీసుల్లో, కాలేజీల్లో ఇంగ్లీషు ఉండిపోయింది. బయటి వలయంలో చైనా, జపాన్, బ్రెజిల్.

రెండో వలయంలో ప్రతి చోటా ఇంటి ఇంగ్లీషు ఒకటి, బయటి ఇంగ్లీషు ఒకటి ఉంటాయి. సింగపూర్‌లో తోటివాళ్లతో మాట్లాడే సింగ్లిష్ వేరు, ఆఫీసు ఇంగ్లీషు వేరు. జనం ప్రామాణిక ఇంగ్లీషు వాడాలని 2000లో అక్కడి ప్రభుత్వం ఒక ఉద్యమమే మొదలుపెట్టింది. పశ్చిమ ఆఫ్రికాలో ఇంగ్లీషు, అక్కడి భాషలు కలిసి పుట్టిన పిడ్జిన్ ఎంత బలంగా ఉందంటే, బీబీసీ 2017లో ఆ భాషలో ప్రత్యేకంగా వార్తా సేవ ప్రారంభించింది. మన 'ప్రీపోన్', మన 'అవుట్ ఆఫ్ స్టేషన్' కూడా ఈ కోవలోవే. వాటిని తప్పులని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు అవి చక్కగా పనిచేస్తాయి. చిక్కు వచ్చేది వినేవాళ్లు మారినప్పుడే.

ఇక ఉచ్చారణ. దీని మీద రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది మన హైదరాబాద్‌దే. ఇవాళ ఇఫ్లూ అని పిలుస్తున్న సంస్థ 1958లో కేంద్రీయ ఇంగ్లీషు సంస్థగా మొదలైంది. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందన్న విషయం మీద ఆర్.కె. బన్సల్ చేసిన అధ్యయనాన్ని ఆ సంస్థే 1969లో ప్రచురించింది. అర్థం కాకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఊనిక, అదే మనం స్ట్రెస్ అనేది, మాటలో తప్పు చోట పడటమని అందులో తేలింది. రెండోది 2000లో బ్రిటన్ భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్ వెలువరించినది. తల్లిభాష ఇంగ్లీషు కాని ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు మాట ఎక్కడ తెగిపోతోందో ఆమె గమనించారు. అక్కడ మాటలోని ఊనిక పెద్ద అడ్డు కాలేదు. హల్లులు, అచ్చు పొడవు, వాక్యంలో ముఖ్యమైన మాటను ఎత్తి చెప్పడం, ఇవే పనిని నడిపించాయి. ఇంగ్లీషు 'థ' ధ్వని రాకపోయినా నష్టం లేదని ఆమె తేల్చారు.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. డల్లాస్‌లో క్లయింటు వింటుంటే ఊనిక దిద్దుకోవాలి. ఒసాకాలో క్లయింటు వింటుంటే ముందు హల్లులు చూసుకోవాలి. 'యాక్సెంట్ ట్రైనింగ్' పేరుతో అమెరికా 'ర'ను నాలుక మడిచి పలికించే క్లాసులకు కట్టే ఫీజు చాలావరకు దండగ. అది రెండు చోట్లా పనికిరాదు.

తెలుగు నోటికి హల్లుల్లో అన్నిటికన్నా ముందు దిద్దాల్సినవి మాట మొదట్లో వచ్చే ప, ట, క. మనం వీటిని పలికేటప్పుడు గాలి విసురుగా రాదు. ఇంగ్లీషువాళ్లు ఊపిరి విసిరి పలుకుతారు. పైగా వాళ్ల బ, డ, గ మాట మొదట్లో మనవాటంత గట్టిగా మోగవు. అందుకని మన 'పిన్' ఆ చెవికి 'బిన్' అవుతుంది. 'టైమ్' 'డైమ్' అవుతుంది, 'కోట్' కాస్తా 'గోట్' అవుతుంది. దీనికో పరీక్ష ఉంది. రెండు వేళ్ల వెడల్పున కాగితం ముక్క చించి, పెదవులకు నాలుగంగుళాల దూరంలో వేలాడేలా పట్టుకోండి. 'పిన్' అన్నప్పుడు కాగితం అల్లాడాలి. 'స్పిన్' అన్నప్పుడు కదలకూడదు, ఎందుకంటే 'స' తర్వాత ఆ విసురు ఉండదు. 'క', 'ట'లకు మన 'ఖ', 'ఠ' గుర్తు తెచ్చుకుంటే పని తేలిక. 'ప' దగ్గర మాత్రం జాగ్రత్త. ఒత్తబోతే 'ఫిన్' వచ్చేస్తుంది, ఎందుకంటే ఈ రోజుల్లో మనం 'ఫ'ను కింది పెదవి పంటికి తగిలించి పలుకుతున్నాం. రెండు పెదవులూ పూర్తిగా మూసి, ఒక్కసారిగా తెరిచి గాలి వదలాలి.

తర్వాత అచ్చు పొడవు. 'సీట్', 'సీడ్' రెండింట్లోనూ 'ఈ' ఉంది కదా, కానీ 'సీడ్'లోది ఎక్కువసేపు సాగుతుంది. చివర ట, ప, క ఉంటే అచ్చు కురచ, డ, బ, గ ఉంటే పొడవు. మాట చివర హల్లు సరిగా వినపడకపోయినా వినేవాళ్లు ఈ పొడవును బట్టే పోల్చుకుంటారు. 'బ్యాక్', 'బ్యాగ్' ఒకే పొడవున పలికితే రెండూ ఒకటే అనిపిస్తాయి.

తెలుగు అజంత భాష. మాట అచ్చుతో ముగియాలి. అందుకే బస్సు, లైటు, రోడ్డు అంటాం. తెలుగులో అది అందం. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం ప్రతి మాట చివరా 'ఉ' చేరితే వినేవాళ్లకు మాట ఎక్కడ ముగిసిందో అందదు. ఒక మాట చివరి హల్లును తర్వాతి మాట అచ్చుతో కలిపేయడమే దీనికి మందు. 'పిక్ ఇట్ అప్' అని మూడు ముక్కలుగా కాకుండా 'పికిటప్' అని ఒక్క ఊపులో అనాలి. అప్పుడు 'ఉ'కు చోటే ఉండదు.

మాట మొదట్లో ఇంకో అలవాటు ఉంది. 'ఎనిమిది'ని 'యెనిమిది' అని, 'ఒకటి'ని 'వొకటి' అని పలుకుతాం. అదే ఇంగ్లీషులోకి వచ్చి 'యెగ్', 'వోల్డ్', 'వోన్లీ' అవుతుంది. 'ఇయర్' అంటే చెవో సంవత్సరమో తెలియకుండా పోతుంది. ఇక 'జీరో' సంగతి. తెలుగులో 'జ'కు రెండు పలుకులు ఉన్నాయి. 'జాబు'లో ఒకటి, 'జిల్లా'లో ఒకటి. 'జాబు'లోది ఇంగ్లీషు 'జూ'లోని ధ్వనికి దగ్గర. కానీ 'ఇ', 'ఎ'ల ముందు మన నాలుక 'జిల్లా' పలుకుకే పోతుంది. 'జీరో', 'జీబ్రా'లలో తేడా పడేది అందుకే. పాము బుసలా 'స్' అని సాగదీస్తూ, మధ్యలో గొంతు మోగిస్తే ఆ ధ్వని దొరుకుతుంది.

ఇప్పుడు ఊనిక. లఘువు, గురువు లెక్కతో నడిచే చెవి మనది. ఏ అక్షరానికి ఎంత కాలమో అంత ఇస్తాం. ఇంగ్లీషులో ఒక అక్షరం పొడవుగా, ఎత్తుగా, గట్టిగా పలికి మిగతావాటిని నలిపేస్తారు. 'డెవలప్'లో బరువు 'వ' మీద, 'హోటెల్'లో 'టెల్' మీద, 'కమిటీ'లో 'మి' మీద, 'సర్టిఫికెట్'లో 'టి' మీద. మనం వీటిలో మొదటి అక్షరాన్నే ఎత్తుతాం, మిగతావి కూడా నిండుగా పలుకుతాం. అప్పుడు వినేవాళ్లు మనస్సులో వేరే మాట వెతుక్కుంటారు.

కొన్ని సూత్రాలు చాలా మాటలకు సరిపోతాయి. 'షన్', 'ఇక్', 'ఇటీ'తో ముగిసే మాటల్లో బరువు సరిగ్గా దాని ముందు అక్షరం మీద. 'ఎడ్యుకేషన్'లో 'కే', 'ఎకనామిక్'లో 'నా', 'ఎబిలిటీ'లో 'బి'. 'పాలిటిక్స్' వంటి కొన్ని దీనికి లొంగవు. 'రికార్డ్', 'ఎక్స్‌పోర్ట్' లాంటి రెండక్షరాల మాటలు నామవాచకమైతే బరువు మొదట, క్రియ అయితే రెండో చోట. మిగతావాటికి డిక్షనరీ చూడాల్సిందే. బరువు పడే అక్షరానికి ముందు, పై భాగాన చిన్న నిలువు గీత ఉంటుంది. మీ ఉద్యోగంలో రోజూ వాడే మాటలు పది రాసుకుని గీతలు పెట్టుకోండి. రెండు చేతులతో రబ్బరు బ్యాండు పట్టుకుని, బరువు వచ్చిన చోట లాగుతూ పైకి చదవండి. చెయ్యి సాగినంతసేపూ గొంతు సాగుతుంది.

నలిపేయడం తెలియకపోతే వచ్చే నష్టం 'క్యాన్', 'క్యాంట్' దగ్గర కళ్లకు కడుతుంది. అమెరికావాళ్లు వాక్యం మధ్యలో 'క్యాన్'ను 'కన్' అని మింగేస్తారు. 'క్యాంట్'లో అచ్చును నిండుగా పలికి చివరి 'ట'ను వదిలేస్తారు. మనం 'ఐ క్యాన్ కమ్' అని నిండుగా అంటే రాలేనని అర్థమవుతుంది. వచ్చేదుంటే 'ఐ విల్ కమ్' అనండి. రాలేకపోతే 'కెనాట్' అని విడదీసి చెప్పండి.

మాట పోతే ప్రాణాలు పోయే చోట ఏం చేశారో చూస్తే ఇదంతా ఇంకా స్పష్టమవుతుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. డచ్ విమానం నుంచి 'వీ ఆర్ నౌ ఎట్ టేకాఫ్' అన్న మాట వచ్చింది. టేకాఫ్ మొదలుపెట్టారని టవర్‌కు అర్థం కాలేదు, సిద్ధంగా నిలబడ్డారనుకున్నారు. ఆ తర్వాత 'టేకాఫ్' అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలని, మిగతా సందర్భాల్లో 'డిపార్చర్' అనాలని పెట్టారు. 1990 జనవరి 25న కొలంబియా నుంచి వచ్చిన ఏవియాంకా విమానం న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోయి కూలింది, 158 మందిలో 73 మంది మరణించారు. ఇంధనం అయిపోతోందని కో పైలట్ చెప్పాడు, 'ప్రయారిటీ' అన్నాడు. కంట్రోలర్లను కదిలించే 'ఎమర్జెన్సీ' అన్న మాట మాత్రం రేడియోలో రాలేదు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం 2008 మార్చి నుంచి అంతర్జాతీయ విమానాల పైలట్లకు, కంట్రోలర్లకు ఆరు స్థాయుల భాషా పరీక్షలో కనీసం నాలుగో స్థాయి ఉండాలి. అక్కడ యాసకు మార్కులు తెగ్గోయరు. యాస అర్థానికి అడ్డం వస్తోందా లేదా, అంతే చూస్తారు. అంకెలు కూడా మార్చారు. 'త్రీ'కి బదులు 'ట్రీ', 'ఫైవ్'కు 'ఫైఫ్', 'నైన్'కు 'నైనర్'. లండన్‌లో పుట్టిన పైలట్ కూడా ఇలాగే అనాలి. ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాళ్లే తమ పలుకు మార్చుకోవాల్సి వచ్చిందన్నది మన పిల్లలకు తప్పక చెప్పాల్సిన విషయం.

ఓడల మీద వాడే పదబంధాలను అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించింది. అందులో మాట మొదలుపెట్టే ముందే అది ఏ రకమైనదో చెప్పవచ్చు: 'క్వశ్చన్', 'ఆన్సర్', 'వార్నింగ్', 'ఇంటెన్షన్'. 'మే', 'మైట్', 'కుడ్' లాంటివి వాడొద్దన్నారు. అడుగుతున్నారో, వెళ్తామంటున్నారో తేలదు గనక. 150ని 'వన్ ఫైవ్ జీరో' అని విడివిడిగా చెప్పాలి. మూడు దేశాలవాళ్లున్న ఫోన్ మీటింగులో ఈ పద్ధతి అచ్చంగా పనికొస్తుంది. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే బయటివాళ్లు మీరు తమను నమ్మట్లేదనుకోవచ్చు. 'క్వశ్చన్' అనండి. 15, 50 లాంటివి వస్తే అంకెలు విడదీసి మళ్లీ చెప్పండి.

వీసా ఇంటర్వ్యూల్లో, కస్టమర్ కాల్స్‌లో ఎక్కువ గందరగోళం తెచ్చేది ఉచ్చారణ కాదు, 'యెస్', 'నో'. 'మీరు ఇంతకుముందు అప్లై చేయలేదా?' అంటే తెలుగులో 'ఆ, చేయలేదు' అంటాం. అడిగినవాళ్ల మాట నిజమని ఒప్పుకుంటున్నాం. జపాన్‌వాళ్లదీ, పశ్చిమ ఆఫ్రికాలో చాలామందిదీ ఇదే పద్ధతి. అమెరికా, బ్రిటన్‌లలో మాత్రం జవాబు జరిగిన సంగతిని బట్టి ఉంటుంది: చేయకపోతే 'నో'. మనం 'యెస్' అని ఆగిపోతే, చేశామని రాసుకుంటారు. ఇలాంటి ప్రశ్నకు 'యెస్', 'నో' రెండూ వదిలేసి 'ఐ హావ్ నాట్ అప్లైడ్' అని పూర్తి వాక్యం చెప్పాలి. వినేవాళ్లు ఏ దేశంవాళ్లైనా పొరపాటుకు తావుండదు.

రాతలో కూడా కొన్ని చూసుకోవాలి. 04/05 అంటే మనకు మే 4, అమెరికాకు ఏప్రిల్ 5. నెల పేరు అక్షరాల్లో రాయండి. లక్ష, కోటి ఉపఖండం దాటితే చెల్లవు. 10 లక్షలు 1 మిలియన్, 1 కోటి 10 మిలియన్లు. బ్రిటన్‌లో ఫస్ట్ ఫ్లోర్ అంటే మెట్లెక్కాలి, అమెరికాలో ఎక్కక్కర్లేదు. బ్రిటన్‌లో 'హాఫ్ సెవెన్' అంటే ఏడున్నర, కానీ జర్మనీవాళ్లకు వాళ్ల భాషలో అదే మాట ఆరున్నర. ఇలాంటివారితో మీటింగు పెట్టుకుంటే 18:30 అనో 19:30 అనో రాసి, పక్కన ఏ ఊరి టైమో కూడా రాయండి.