మళ్ళీ ఒకసారి చదవమ్మా

అందరికీ నమస్కారం. ఒంగోలులో పుస్తకాల షాపులో నెలనెలా కవిత్వం చదువుకునే సాయంత్రం మొదలుపెట్టాలనుకుంటున్నాం, నెల్లూరులో మీరు చేస్తున్నారంట కదన్నా, వచ్చి ఎట్టా చేస్తున్నారో చెప్పండి అని మీవాళ్ళు ఫోన్ చేస్తే పొద్దున్నే బండెక్కి కావలి, సింగరాయకొండ దాటి వచ్చేశాను. మా షాపులో జరిగింది జరిగినట్టు చెప్తాను, అందులో మీకు పనికొచ్చేది మీరు తీసుకోండి.

మాది ట్రంకు రోడ్డు పక్క సందులో చిన్న షాపు, మా నాయన పెట్టింది. జూన్, జూలైలో స్కూలు పుస్తకాలు, నోటుబుక్కులు, గైడ్లు, ఆ రెండు నెలల వ్యాపారమే మాకు ఏడాదంతా కూడు పెడుతుంది. వెనకవైపు రెండు బీరువాల్లో మాత్రం మా నాయన ఇష్టపడి తెచ్చిపెట్టుకున్న సాహిత్యం ఉంటుంది. కవిత్వం కింది అరలో ఉండేది, దుమ్ము దులపడానికి తప్ప ఎవరూ చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. కవిత్వం పుస్తకం సంగతి మీకు తెలియంది కాదు, కవే సొంత డబ్బుతో ఓ 500 కాపీలు వేసుకుని, సగం తెలిసినవాళ్ళకి పంచిపెట్టి, మిగతా కట్టలు మాలాంటి షాపుల్లో పెట్టి, ఏమైనా పోయినాయా అన్నా అని మూడు నెలలకోసారి వచ్చి అడిగి పోతాడు. పోలేదబ్బా అని చెప్పడం నాకు భలే కష్టంగా ఉండేది. ఒకసారి ఒక కవి అట్టానే వచ్చి, పోలేదంటే, పర్లేదులే అన్నా అని ఆ కట్ట అక్కడే విప్పి, తన పుస్తకం తనే తీసి, నిలబడే ఒక కవిత పైకి చదివాడు. వినింది ఎవరు? నేను, మా షాపు కుర్రాడు, పెన్నులు కొనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు. ఆ పిల్లల్లో ఒకతను జేబులో ఉన్న డబ్బులు లెక్క చూసుకుని పుస్తకం కొన్నాడు. రెండేళ్ళు కింది అరలో ఉన్నా ఎవరూ ముట్టుకోని పుస్తకం, చెవిన పడిన అయిదు నిమిషాల్లో పోయింది. మా సాయంత్రాలకు మొదలు అదే.

రెండో శనివారం అనుకున్నాం. ఏడు గంటలకు షట్టర్ సగం దించేస్తాం, టెంటు హౌస్ నుంచి 20 కుర్చీలు, మూల మీద టీ కొట్టు నుంచి ఫ్లాస్కుతో టీ, అంతే ఖర్చు. కానీ మొదటి నాలుగు నెలలు మేం చేసింది తప్పు, అది మీకు దాచకుండా చెప్పాలి. అలవాటు కొద్దీ ఫ్లెక్సీ కొట్టించాం, మైకు పెట్టాం, ముఖ్య అతిథిని పిలిచాం, శాలువాలు తెచ్చాం. ముఖ్య అతిథి ముప్పావు గంట మాట్లాడాడు. ఆ తర్వాత కవులు ఒక్కొక్కరే లేచి తమ కవిత చదవడం, ఫోటో దిగడం, అర్జెంటు పనుంది అని చెప్పులేసుకోవడం. చిట్టచివర చదవాల్సిన పిల్లోడు మూలాపేట నుంచి సైకిల్ మీద వచ్చి రెండు గంటలు అందరివీ ఓపిగ్గా విన్నాడు, తన పేరు పిలిచేసరికి ఎదురుగా నేనూ, కుర్చీలు ఎత్తుకుపోవడానికి వచ్చిన టెంటు హౌస్ మనిషీ తప్ప ఎవరూ లేరు. అయినా చదివాడు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మనం చదివేవాళ్ళని పిలిచామే గానీ వినేవాళ్ళని పిలవలేదు అనిపించింది, ఇంతకీ నేను ఇంత దూరం వచ్చి మీకు చెప్పాలనుకున్నది ఆ ఒక్క ముక్కే.

ఆ మరుసటి నెల నుంచి ఫ్లెక్సీ లేదు, శాలువా లేదు, స్టేజీ అసలు లేదు, కుర్చీలు గుండ్రంగా వేశాం. ఒక్కటే కండిషన్ పెట్టాం, ఎవరైనా సరే తనది ఒకటి చదివితే, వేరేవాళ్ళది ఒకటి చదవాలి, ముందు వేరేవాళ్ళదే చదవాలి. చూట్టానికి చిన్న మార్పు, కానీ దానివల్ల ఏమైందంటే రాసేవాళ్ళు చదవడం మొదలుపెట్టారు, వేరేవాళ్ళది ఏది చదవాలా అని శుక్రవారం నాడే షాపుకొచ్చి ఆ బీరువాల ముందు కింద కూర్చుని వెతుక్కోవడం మొదలైంది, మా నాయన ఉండుంటే ఆ దృశ్యం చూసి ఎంత సంతోషపడేవాడో. రాయనివాళ్ళు కూడా ధైర్యంగా రావడం మొదలుపెట్టారు, ఎందుకంటే వాళ్ళకూ చదవడానికి ఏదో ఒకటి ఉంది కదా.

అట్టా వచ్చినామె ఒక నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చేది, టిఫిన్ డబ్బా సంచి ఒళ్ళో పెట్టుకుని చివరి కుర్చీలో కూర్చునేది. ఆరు నెలలు వినడమే. మేం అడగలేదు, అడగకూడదు కూడా, ఇది మీరు గుర్తు పెట్టుకోండి, మాట్లాడని మనిషిని మీరూ ఒకటి చదవండి మేడమ్ అని పదిమందిలో పిలిచారంటే మళ్ళీ నెల రారు. ఏడో నెల ఆమే సంచిలోంచి మందుల కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ తీసి చదివింది. నైట్ డ్యూటీలో తెల్లారుజామున నాలుగు గంటలకి వార్డులో ఎవరు దగ్గుతున్నారో కళ్ళు మూసుకుని కూడా చెప్పగలగడం గురించి. గొంతు వణికింది, సగం మాటలు మాకు సరిగ్గా వినపడలేదు. అయిపోయాక ఎవరం చప్పట్లు కొట్టలేదు. అప్పుడు కోటమిట్ట నుంచి వచ్చే టైలర్ భాయ్, ఆయనకి ఉర్దూ షాయరీ ప్రాణం, మెల్లిగా అన్నాడు, మళ్ళీ ఒకసారి చదవమ్మా అని. ఆమె మళ్ళీ చదివింది. రెండోసారి గొంతు వణకలేదు, ప్రతి మాటా వినపడింది. ముషాయిరాలో, అంటే ఉర్దూ కవి సమ్మేళనంలో, బాగున్న షేర్, అంటే రెండు పాదాల పద్యం, వస్తే వినేవాళ్ళు ముకర్రర్ అంటారంట, అంటే ఇంకోసారి చెప్పు అని, అది వినేవాళ్ళ హక్కు అని ఆయన చెప్పాడు.

మనకి లేదా అది? మన పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే కాటి సీనులో జాషువా గారి పద్యాలు వచ్చేసరికి వెనక నుంచి వన్స్ మోర్ అని కేకలు వచ్చేవి కాదా, హార్మోనియం ఆయన మళ్ళీ శ్రుతి అందుకునేవాడు, నటుడు అదే పద్యం ఇంకా పై స్థాయిలో ఎత్తుకునేవాడు, తెల్లారేదాకా నాటకం సాగిందంటే ఆ వన్స్ మోర్ల వల్లే కదా. చదువు రానివాళ్ళు కూడా ఆ పద్యాలు నోటికి చెప్పేవాళ్ళు, మా మేనత్త వేలిముద్ర వేసే మనిషి, కాటి సీను మొత్తం అప్పజెప్పేది. ఉగాదికి ఒక్కరోజు పచ్చడి గిన్నెతో పాటు కవి సమ్మేళనం పెట్టేసి ఏడాదికి సరిపోయింది అనుకుంటే నాకు చాలదు అనిపిస్తుంది. ఆ కేక వేసే జనం మళ్ళీ నెలనెలా తయారవ్వాలి, అది పుస్తకాల షాపులో పదిమందితో అయినా సరే.

ఇంకొక సంగతి చెప్తాను, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. డిగ్రీ చదివే పిల్లోడు ఒకతను సంక్రాంతి మీద కవిత చదివాడు, ధాన్యం బస్తాలు ఇంటికి చేరాయి, చేలు ఖాళీ అయ్యాయి, గాదె నిండింది అని చక్కగా రాశాడు. కోవూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన, రైతు, మనవరాలికి పుస్తకాలు కొనడానికి వచ్చి మాతో కూర్చుండిపోయిన మనిషి, అంతా విని అడిగాడు, నాయనా ఇది యాడ చేను, మనది కాదు కదా అని. మన నెల్లూరులో వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు, నవంబరులో వానలు పడి చెరువులు నిండాక నాట్లు, సంక్రాంతికి పైరు పచ్చగా నిలబడి ఉంటుంది, కోతలు మాఘం వెళ్ళినాకనే. పిల్లోడు పుస్తకాల్లో చదివిన సంక్రాంతి రాశాడు, తన ఊరి సంక్రాంతి రాయలేదు. ఆయన తప్పు పట్టినట్టు కూడా చెప్పలేదు, పండక్కి మన చేతిలో డబ్బులుండవు నాయనా, పైరు మీద నమ్మకంతో అప్పు తెచ్చి కొత్త బట్టలు తీస్తాం, అది రాయి అన్నాడు. మరుసటి నెల పిల్లోడు కవిత తిరగరాసి తెచ్చాడు. పచ్చటి చేను చూపించి బట్టల షాపులో అరువు అడిగే నాయన అందులోకి వచ్చాడు. ఆ కవిత ఎవరిది మరి, పిల్లోడిదే, కానీ సగం ఆ పెద్దాయన చెవిది.

ఆ రోజు ఆ పెద్దాయన చేతికి దువ్వూరి రామిరెడ్డి గారి పద్యాలిచ్చాం, చదవమని. కవికోకిల మన నెల్లూరు జిల్లా మనిషే, 1895లో పుట్టారు, స్వయంగా సేద్యం చేసినాయన, పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాంని తెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. పెద్దాయన కళ్ళజోడు తెచ్చుకోలేదు, అందుకని నర్సమ్మ చదువుతుంటే ఆయన వింటూ, దుక్కి మాట వచ్చినప్పుడల్లా తల ఊపుతా ఉన్నాడు.

వినేవాడు పద్యం పూర్తి చెయ్యడం మన సీమలో కొత్త కాదు. తిక్కన గారు పెన్న ఒడ్డున, రంగనాయకుల గుడి దగ్గర కూర్చుని భారతం చెప్తా ఉంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడని మా ఊళ్ళో తరతరాలుగా చెప్పుకునే కథ ఉంది కదా. యుద్ధం సంగతులు సంజయుడు ధృతరాష్ట్రుడికి చెప్పే చోట ఒక పద్యం చివర తిక్కన గారికి మాట తట్టక ఆగిపోయి, ఏమి సెప్పుదుం గురునాథా అన్నాడంట, రాసేవాడిని చూసి, ఏం చెప్పమంటావయ్యా అని. గురునాథుడు అదే రాసేశాడు. సెప్పుదుం అంటే సెప్పుదున్ అనే, తెలుగులో అట్టా ముందు నకారం ఉంటే వెనకొచ్చే క కాస్తా గ అవుతుంది, కాబట్టి అది కురునాథా అనే పిలుపు కూడా అవుతుంది, కురునాథుడంటే ధృతరాష్ట్రుడే, సంజయుడు ఆయన్నే పిలిచి ఏమని చెప్పేది అంటున్నట్టు పద్యం అక్కడికక్కడే పూర్తయిపోయింది. కవి ఆగిపోయిన చోట రాసే ఆయన చెవి అందుకుంది. చిన్నప్పుడు తెలుగు క్లాసులో సంధి కోసం బట్టీ పట్టిన కథ ఇది, షాపులో కుర్చీలు వేశాక గానీ నాకు అర్థం కాలేదు.

మీకు నేను చెప్పేదేముంది, ఎర్రాప్రగడది గుడ్లూరు అంటారు, ఆయనున్నది అద్దంకిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి దగ్గర. అదే అద్దంకిలో అంతకన్నా ఎంతో ముందు, తొమ్మిదో శతాబ్దంలోనే పండరంగడి శాసనంలో రాయి మీద తరువోజ అనే ఛందస్సులో పద్యం చెక్కించారు. ఒకసారి ఆ పద్యం మీ సాయంత్రంలో పైకి చదివించండి, అర్థం తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ నడక విననివ్వండి. చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో కుర్రకారు మొదలుపెట్టిన సారస్వత నికేతనం ఇప్పటికీ నిలబడి ఉంది, మీ మొదటి సాయంత్రానికి ముందు అందరూ కలిసి ఒక ఆదివారం అక్కడికి పోయి రండి, ఆ పాత పేపర్ల వాసన చూస్తే ఎందుకు చేస్తున్నామో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

డబ్బుల సంగతి అడిగారు. షాపుకి లాభం లేదు. ఆ సాయంత్రం కవిత్వం పుస్తకాలు అయిదో ఆరో పోతాయి, టీ ఖర్చు, కుర్చీల అద్దె పోను మిగిలేది ఏమీ ఉండదు. శాలువాకి పెట్టే డబ్బులతో మాత్రం నెలకొక పుస్తకం కొని, ఆ రోజు అందరికన్నా చిన్న వయసు వాళ్ళకిస్తాం, ఇది మాత్రం మీరు తప్పకుండా పెట్టుకోండి. చందాలు వసూలు చెయ్యొద్దు, అధ్యక్షుడు, కార్యదర్శి వద్దు, అవి వచ్చిన రోజే కొట్లాటలు వస్తాయి. జనం తగ్గినా ఆపొద్దు. ఒక నవంబరులో తుపాను పట్టి రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు, కరెంటు లేదు, ముగ్గురమే వచ్చాం, సెల్‌ఫోన్ లైటు వెలుగులో ఒకరు చదివితే ఇద్దరు విన్నాం, బయట వాన హోరులో ఒక్కో లైను రెండేసి సార్లు చదవాల్సి వచ్చింది. ఇన్ని నెలల్లో నాకు బాగా గుర్తున్న సాయంత్రం అదే.

ఇంక నేను చెప్పడం చాలు. ఇందాక టీ తాగేటప్పుడు కొండపి నుంచి వచ్చానని చెప్పిన అమ్మాయి, నీలం సంచి పెట్టుకుని గోడ పక్కన కూర్చునుంది, నేను అడక్కుండానే నోటుబుక్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తనకి చదవాలని ఉంటే చదువుతుంది, లేదంటే ఇంకో నెల చూద్దాం. అన్నా, ఆ మైకు కాస్త ఆపించండి, ఈ రూముకి అవసరం లేదు. నేను ఆ వెనక కుర్చీలో కూర్చుంటాను.