రాగి రంగు లాగర్: మాల్ట్ రుచి గురించి నాలుగు మాటలు

సభకు నమస్కారం. మీ ముందున్న గ్లాసుల్లోది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఉన్న గ్రేట్ లేక్స్ బ్రూయింగ్ కంపెనీ ఏటా ఆకురాలు కాలం కోసం కాచే అక్టోబర్‌ఫెస్ట్ లాగర్, అంటే చల్లదనంలో నిదానంగా పులియబెట్టే రకం బీరు. ప్యాట్రిక్ కాన్వే, డానియల్ కాన్వే అనే అన్నదమ్ములు 1988లో మొదలుపెట్టిన బ్రూవరీ అది. ఇందులో ఆల్కహాల్ 6.5 శాతం ఉంటుంది కనుక ఒక్కొక్కరికి నాలుగు గుక్కలే పోయించాను. ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీశారు, దయచేసి అప్పుడే తాగకండి. మొదటిసారి నేను దీన్ని మంచులా చల్లగా తాగి, ఇందులో ఏముందని ఇంత పొగుడుతున్నారో అర్థంకాక గ్లాసు పక్కన పెట్టేశాను. తప్పు బీరుది కాదు, నాది.

ఈ బీరు గురించి ఎవరు మాట్లాడినా ముందు వచ్చే మాట 'మాల్టీ'. మనం దాన్ని తీపి అని అర్థం చేసుకుంటాం. ఇంట్లో రాగి మాల్ట్ చేసినవారు ఒక్కసారి గుర్తు చేసుకోండి: రాగులు నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి, మూకుట్లో దోరగా వేయిస్తున్నప్పుడు వంటిల్లంతా ఒక కమ్మటి వాసన కమ్ముకుంటుంది, అప్పటికి బెల్లం ఇంకా డబ్బాలోనే ఉంటుంది. మాల్టీ అంటే ఆ వాసన. బార్లీకి చేసేదీ దాదాపు ఇదే పని. మ్యూనిక్ మాల్ట్ అనే రకానికి మొలకెత్తిన గింజ తడి మీద ఉండగానే వేడి తగిలించి, చివరకు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకువెళతారు. ఆ వేడికి గింజలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి మెలనాయిడిన్లు అనే పదార్థాలుగా మారతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ వివరించిన ఈ చర్యే మన దోసె అడుగును కూడా ఎర్రబరుస్తుంది. గ్లాసులోని రంగు అక్కడిదే. రాగి రంగు అనవచ్చు. తెలుగులో ఆ లోహానికీ ఈ ధాన్యానికీ ఒకే పేరు ఉండటం ఇవాళ మనకు కలిసివచ్చింది.

గ్లాసులు వేడెక్కేలోగా కొంచెం చరిత్ర. వేసవిలో కాచిన బీరు పాడైపోతోందని, 1553లో ఇప్పటి జర్మనీలోని బవేరియా పాలకుడు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాయడాన్ని నిషేధించాడు. దానితో మార్చిలోనే కాస్త గట్టి బీరు కాచి, చల్లటి నేలమాళిగల్లో దాచి, ఎండాకాలమంతా వాడుకుని, మిగిలినది శరదృతువులో ఖాళీ చేసేవారు. జర్మన్‌లో మార్చి నెల పేరు మీదే దానికి మెర్ట్‌సెన్ అని స్థిరపడింది. మన గ్లాసుల్లో ఉన్న ఈ ఎర్రటి మెర్ట్‌సెన్ రూపం మాత్రం బాగా తరువాతిది: 1841లో వియన్నా దగ్గర ఆంటన్ డ్రేహర్, బవేరియాలోని మ్యూనిక్‌లో గాబ్రియేల్ సెడ్ల్‌మయర్ అనే బ్రూవర్లు కొత్త తరహా మాల్ట్‌తో లాగర్లు తెచ్చారు. 1872లో మ్యూనిక్‌లో ఏటా జరిగే అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు పండుగలో ఈ తరహా బీరు పోశారు. విచిత్రమేమిటంటే, ఇప్పుడు ఆ పండుగ గుడారాల్లో పోసేది లేత బంగారు రంగు బీరు. ఎరుపును పట్టుకుని వేలాడుతున్నది ఎక్కువగా అమెరికా చిన్న బ్రూవరీలే. ఈ విషయంలో నేను అమెరికా పక్షమే.

ఇక గ్లాసు ఎత్తండి. ముందు ముక్కు దగ్గర పెట్టుకోండి: కాల్చిన రొట్టె అంచు వాసన, దాని వెనక సన్నగా పాకం వాసన తగులుతాయి. పండ్ల వాసన రాకూడదు, ఎందుకంటే లాగర్‌ను పులియబెట్టే ఈస్ట్ చల్లదనంలో నిదానంగా పనిచేస్తుంది, ఆపైన వారాల తరబడి దాదాపు గడ్డకట్టేంత చలిలో బీరు తేరుకుంటుంది. ఇప్పుడు ఒక గుక్క తీసుకుని వెంటనే మింగకుండా నాలుకంతా తడపండి. మింగాక పదిదాకా లెక్కపెట్టండి. గింజ రుచి నిండుగా వచ్చి, బీరులో వేసే హాప్స్ అనే పువ్వుల చేదు దాని వెనకే వచ్చి నోరు శుభ్రం చేసి వెళ్ళాలి. పెదవులు అంటుకుంటున్నట్టు తీపి మిగిలితే అది మెర్ట్‌సెన్‌కు లోపమే. నా నాలుకకు ఈ సీసాలో పాకం ఒక పిసరు ఎక్కువే అనిపించింది, మ్యూనిక్ దగ్గరి అయింగ్ ఊరి మెర్ట్‌సెన్ ఇంతకన్నా పొడిగా ముగుస్తుంది. మీకు పది లెక్కపెట్టాక ఏం మిగిలిందో చెప్పండి, ముందు వరుసతో మొదలుపెడదాం.