డ్యూటీ చార్టు రాసి చూడండి

నమస్కారం. సైన్యంలో సర్వీసు ముగించుకుని వచ్చినవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కంప్యూటర్ల వైపు వెళ్దామనుకుంటున్నాను, డిగ్రీ చెయ్యాలా, సర్టిఫికెట్ సరిపోతుందా? ఒక నెల ఆగండి అంటాను. ఎక్కడా ఫీజు కట్టకుండా ఒక్క నెల ఆగండి.

ఎందుకో చెప్తాను. నాకు తెలిసిన ఒకాయన పదిహేనేళ్లు సైన్యంలో చేసి బయటికొచ్చారు. అక్కడ ఆయన్ని విసిగించిన పని రాత్రి కాపలా డ్యూటీలు వెయ్యడం, ఎవరికి వేసినా "నాకే ఎందుకు సార్" అని గొడవ. ప్రోగ్రాములు రాసే భాష పైథాన్ మొదలుపెట్టారు కదా, ఆ డ్యూటీ చార్టునే ప్రోగ్రామ్‌గా రాయండి అన్నాను. పన్నెండు మంది, రాత్రికి ఇద్దరు. ఆయన పెట్టిన రూలు కూడా సింపుల్: ఇప్పటిదాకా ఎవరు తక్కువ రాత్రులు చేశారో వాళ్లనే పిలువు. చార్టు బాగానే వచ్చింది. తర్వాత, నెల మొదటి 18 రోజులూ ఒకడు సెలవులో ఉన్నాడనుకుని మళ్లీ నడిపారు. 19వ రాత్రి డ్యూటీ వాడికే. 20వ రాత్రీ వాడికే. 21వ రాత్రీ వాడికే! పాపం, సెలవుకి వెళ్లొచ్చినందుకు మూడు రాత్రులు వరసగా నిద్ర లేదు. ప్రోగ్రామ్ తప్పేం చెయ్యలేదు, వాడి లెక్క సున్నా ఉంది కాబట్టి వాడినే పిలిచింది. నిన్న చేసినవాడిని ఇవాళ పిలవకూడదని దానికి ఎవరూ చెప్పలేదు మరి.

ఆ లోపం దొరికాక ఆయన రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు, గొంతులో ఆ ఉత్సాహం చూసి నాకు అర్థమైపోయింది. ఆయన డిగ్రీలో చేరారు.

ఆయన స్నేహితుడు, సైన్యంలో సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్‌లో పనిచేసినవాడు, ఇదే చార్టుని మూడో రోజు వదిలేశాడు. నెట్‌వర్క్‌లను కలిపే రూటర్లు రెండు పాతవి ముందు పెడితే మాత్రం అన్నం మానేసి కూర్చుంటాడు. అతనికి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకు? సీసీఎన్ఏ లాంటి నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్‌కి ఒకే పరీక్ష. కాకపోతే మూడేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి, ఆ సంగతి చాలామంది చేరేముందు చూడరు.

గ్రేస్ హాపర్ అనే అమెరికన్ నౌకాదళం నుంచి కంప్యూటర్లలోకి వచ్చిందిగా అని కొందరు అంటారు. నిజమే, 1943లో చేరింది, 1952 నాటికి కంపైలర్ రాసింది, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్. కానీ అప్పటికే ఆమె గణితంలో పీహెచ్‌డీ చేసిన మనిషి అన్నది మర్చిపోతారు. యూనిఫాం ఒక్కటే ఆ పని చేయించలేదు కదండీ.

సర్వీసు తరఫున చదువుకి డబ్బు వచ్చేవాళ్లు గడువు ఎప్పటిదాకానో ఇవాళే కనుక్కోండి, ఆ నెల దానికి లోబడే ఉండాలి. ఆ నెలంతా ఇలాంటి చార్టు మీద రోజుకో గంట కూర్చుంటే చాలు. ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ టైమ్ తెలియలేదో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మొదటి పేజీలో మాత్రం ఇదే రాయండి: పన్నెండు మంది, రాత్రికి ఇద్దరు, ఒకడు సెలవులో.