గ్రీన్‌హౌస్ పంటలకు జీవ కీటకనాశకాలు

శ్రోతలకు నమస్కారం. గ్రీన్‌హౌస్‌లో పంటను ఎండ, వాన, చలి నుంచి కాపాడే ఏర్పాట్లే పురుగుకూ రక్షణగా మారతాయి. అక్కడ వాన పురుగును కడిగివేయదు, గాలి చెదరగొట్టదు, దాన్ని తినే అక్షింతల పురుగులు బయటి నుంచి సులభంగా లోపలికి రాలేవు. ఆ వెచ్చదనంలో తెల్లదోమ మూడు నాలుగు వారాల్లోనే ఒక తరం పూర్తి చేసుకుంటుంది. పేనుబంక మగపురుగుతో పని లేకుండానే పిల్లలను కంటుంది. ఇలాంటి చోట ఒకే రసాయన మందును పదే పదే చల్లితే, తట్టుకుని మిగిలిన పురుగుల సంతానమే పెరిగి, చివరికి ఆ మందు పనిచేయకుండా పోతుంది. బాక్టీరియా, శిలీంద్రం, మొక్క వంటి జీవుల నుంచి వచ్చే పురుగు మందులైన జీవ కీటకనాశకాల అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

వీటిలో ఎక్కువ మందికి తెలిసినది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా. 1901లో జపాన్‌లో జబ్బుపడిన పట్టుపురుగుల్లో దీన్ని మొదట గుర్తించారు. ఆకుతో పాటు దీన్ని తిన్న లద్దెపురుగు పేగులోని క్షార గుణం వల్ల బాక్టీరియాలోని ప్రోటీన్ స్ఫటికాలు కరిగి, పేగు గోడను దెబ్బతీస్తాయి. పురుగు కొన్ని గంటల్లోనే మేయడం మానేసినా, చావడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అది తింటేనే పనిచేసే మందు కాబట్టి, ఆకును కొరకకుండా రసం పీల్చే తెల్లదోమపై దానివల్ల ప్రయోజనం లేదు.

రసం పీల్చే పురుగులకు బవేరియా బాసియానా అనే శిలీంద్రం తగినది. దీన్ని పురుగు తినవలసిన పని లేదు. పురుగు ఒంటికి అంటుకున్న శిలీంద్ర బీజం అక్కడే మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి చేరి, కొద్ది రోజుల్లో పురుగును చంపుతుంది. తేమ చాలినంత ఉంటే చచ్చిన పురుగుపై తెల్లని బూజు కమ్ముకుంటుంది. తెల్లదోమ పిల్లపురుగులు ఆకు అడుగు భాగాన్ని అంటిపెట్టుకుని కదలకుండా ఉంటాయి కనుక, పై నుంచి చల్లి తృప్తిపడితే మందు వాటిని చేరదు. ఒక ఆకును తిప్పి, దాని ఈనెల పక్కన పొలుసుల్లా అతుక్కున్న ఆ పిల్లలు తడిశాయో లేదో చూసుకోవడం, నా అభిప్రాయంలో, మందు మోతాదు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. బీజాలు మొలకెత్తడానికి తేమ కావాలి, తీవ్రమైన ఎండకు అవి చచ్చిపోతాయి. అందుకే సాయంత్రం చల్లడం మేలు. అయితే రాత్రంతా ఆకులు తడిగా ఉంటే మొక్కకు తెగుళ్లు వచ్చే ప్రమాదం ఉన్నందున, తేమను ఎంతసేపు నిలపాలో పంటను బట్టి నిర్ణయించుకోవాలి.

తడి మట్టిలో పెరిగి లేత వేళ్లను కొరికే చిన్న నల్ల ఈగల పిల్లపురుగులకు స్టైనర్‌నీమా ఫెల్టియే అనే మేలుచేసే నులిపురుగులను నీటిలో కలిపి మట్టికి అందిస్తారు. వేపలోని అజాడిరాక్టిన్ పురుగు కుబుసం విడవడాన్ని అడ్డుకుంటుంది కాబట్టి, అది ఎదిగిన పురుగుల కంటే పిల్లపురుగులపైనే బాగా పనిచేస్తుంది.

ఈ మందులేవీ పురుగు గుంపులుగా పెరిగాక ఒక్క చల్లింపుతో పంటను కాపాడలేవు. మొక్కల మధ్య పసుపు జిగురు అట్టలు వేలాడదీసి, వాటిపై తొలి తెల్లదోమలు కనబడగానే మొదలుపెట్టి, గుడ్ల నుంచి కొత్తగా వచ్చే పిల్లల కోసం కొన్ని రోజుల తేడాతో మళ్లీ చల్లాలి. బవేరియా సజీవమైన శిలీంద్రం కనుక, శిలీంద్రనాశక మందును దానితో కలపకూడదు. రెండింటి మధ్య ఎంత వ్యవధి ఉండాలో లేబుల్ చూసి తెలుసుకోవాలి. బవేరియాను చల్లని చోట నిల్వ చేయాలి, గడువు దాటినది వాడకూడదు.

జీవ మందు అన్నంత మాత్రాన ప్రతి జీవికీ హాని లేదనుకోవద్దు. మట్టి బాక్టీరియా నుంచి తయారయ్యే స్పినోసాడ్ అనే మందు, రసం పీల్చే సన్నని తామర పురుగులపై సమర్థంగా పనిచేస్తుంది కానీ, తడిగా ఉన్నప్పుడు అది తేనెటీగలకు విషం. పూల పరాగ సంపర్కానికి లోపల తేనెటీగల పెట్టెలు పెట్టినవారు వాటిని ముందే మూసి బయటకు తరలించి, లేబుల్‌పై చెప్పిన వ్యవధి గడిచాకే తిరిగి లోపల పెట్టాలి.