టికెట్ ఎక్కడ అని అడుగుతారు జడ్జిగారు

వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి, ఈ మైకును నమ్ముకుంటే నా మాట మీదాకా రాదు.

ఈ హాల్లో కొడుకుల్ని అమెరికా పంపినవాళ్లున్నారు, కూతుళ్లని అమెరికా సంబంధాలకిచ్చి పంపినవాళ్లూ ఉన్నారు. నేను వకీల్ని, ఏ పక్షమూ కాదు. కోడలు కేసు పెడితే విదేశంలో ఉన్న కొడుక్కి ముందస్తు బెయిల్, అంటే అరెస్టు కాకముందే తీసుకునే బెయిల్, ఎలా అన్నదే ఇవాళ్టి మాట. కోడలు పెట్టిన కేసు అబద్ధమేనండీ అని నా దగ్గర చాలామంది మొదలుపెడతారు, అది విచారణలో తేలాల్సిందే తప్ప బెయిల్లో తేలదు.

కావలి పక్క నుంచి ఒక పెద్దాయన నెల్లూరులో నా ఆఫీసుకొచ్చారు. చేతిలో బట్టల షాపు కవరు, అందులో కొడుకు పాస్‌పోర్టు జిరాక్సు, పెళ్లి శుభలేఖ, ఎస్సై నంబరు రాసుకున్న బస్సు టికెట్టు. "అబ్బాయికి ముందస్తు బెయిల్ తీయండి సార్, వాడు డాలస్‌లో నిద్రపోవడం లేదు" అన్నారు. ఎఫ్ఐఆర్ తీసి చూస్తే ఏ1, అంటే మొదటి నిందితుడు, కొడుకు, ఏ2 ఈయన, ఏ3 ఇంట్లో ఆవిడ. డాలస్‌కి మన ఎస్సై ఎలాగూ పోడు, ముందు వచ్చేది మీ వాకిట్లోకి కదయ్యా అంటే అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి.

అలాగని కేసు పడగానే జైలే అనుకోవద్దు. భార్యను వేధిస్తే పెట్టే పాత ఐపీసీ 498ఏ ఇప్పుడు కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో సెక్షన్ 85, శిక్ష మూడేళ్ల వరకు. ఏడేళ్లలోపు శిక్ష ఉండే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది, ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో చెప్పింది, కానీ చెల్లదు కదా అని చూసి ఊరుకునేవాణ్ని నేను తెలివైనవాడనను. అరెస్టు భయం నిజంగా ఉంటే బీఎన్ఎస్ఎస్, అంటే కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, సెక్షన్ 482 కింద నెల్లూరు సెషన్స్ కోర్టులోనో, అమరావతి హైకోర్టులోనో పిటిషన్ వేయొచ్చు, ఎఫ్ఐఆర్ పడేదాకా ఆగాల్సిన పని కూడా లేదు.

గొడవ జరిగింది అక్కడైతే ఇక్కడ కేసేంటి అని అడుగుతారు. మన జిల్లా నుంచే సుప్రీంకోర్టుకి పోయిన కేసుంది, 2011 తీర్పు. భర్త ఉద్యోగం బోట్స్వానాలో, భార్య అక్కడి నుంచే నెల్లూరు ఎస్పీకి ఫిర్యాదు పంపింది. విదేశంలో జరిగిన నేరానికి ఇక్కడ కేసు పెట్టొచ్చు, దర్యాప్తూ చేయొచ్చు, కాగ్నిజెన్స్, అంటే కోర్టు కేసును స్వీకరించే దశ, దాటి విచారణ సాగాలంటే మాత్రం కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలన్నారు. కట్నం అడిగింది ఇక్కడైతే ఆ అనుమతి ఊసే లేదు. పెళ్లి మాటలు ఎక్కడ జరిగాయో మీకే తెలుసు.

ఇక విదేశంలో ఉన్నవాడు పిటిషన్ వేయకూడదని 482లో ఎక్కడా రాసిలేదు. కాన్సులేట్‌లో వకాలత్, అంటే వకీలుకిచ్చే అధికార పత్రం, మీద సంతకం పెట్టి పంపొచ్చు. తిప్పలంతా ఆ తర్వాతే. మనవాడు "బెయిల్ వస్తే టికెట్ కొంటా సార్" అంటాడు, జడ్జిగారు "టికెట్ ఎక్కడ" అంటారు. పోలీసుల ముందుకు రావడమే ఇష్టం లేనివాడికి అరెస్టు భయం ఏమిటన్నది ఆ ప్రశ్న వెనకున్న అనుమానం. న్యాయమైన అనుమానమే, నన్నడిగితే. రాకుండా నాన్చితే నాన్‌బెయిలబుల్ వారెంటు, విమానాశ్రయాల్లో ఆపమని చెప్పే లుకౌట్ సర్క్యులర్, ఆనక ఎప్పుడో చెల్లెలి పెళ్లికని దిగినప్పుడు చెన్నై ఇమిగ్రేషన్ కౌంటర్‌లోనే పక్కన కూర్చోబెడతారు. పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించేసిందా, ముందస్తు బెయిల్ దొరకడం మహా కష్టం.

పెద్దాయనకీ ఆవిడకీ ముందు బెయిల్ తీసుకున్నాం. కోడలి నగలు, సామాను లిస్టు రాసి తిరిగిచ్చేయమన్నా, రెండ్రోజులు అలిగి ఇచ్చారు. కొడుకు చేత టికెట్ కొనిపించి ఆ కాపీ పిటిషన్‌కి జతచేశాం. తెల్లవారుజామున చెన్నైలో దిగి, కారులో నేరుగా నెల్లూరొచ్చి, ఇద్దరు జామీనుదారులతో స్టేషన్లో సంతకం పెట్టాడు. కోర్టు అనుమతి లేకుండా దేశం దాటకూడదన్న షరతు పడింది, వెనక్కి పోవడానికి ఇంకో పిటిషన్ వేశాం, ఆఫీసులో సెలవు అయిపోతోందని రోజూ ఫోన్లు. ఆ వాయిదా రోజు పెద్దాయన మళ్లీ అదే కవరుతో వచ్చారు, ఈసారి అందులో పైన బోర్డింగ్ పాసు.